తీగ వదులైందనుకున్నాను

ఆ పొద్దున యంత్రం నిజం చెప్పింది. నేను యంత్రాన్నే తప్పు పట్టాను.

మూడు నెలల పాప. కాలి బొటనవేలికి సన్నని తీగ చుట్టి ఉంది. ఆ తీగ కొసన చిన్న ఎర్రదీపం, ఇంకో కొసన రేడియో అంత పెట్టె. రక్తంలో ప్రాణవాయువు ఎంతుందో ఆ పెట్టె మీద అంకె కనిపిస్తుంది. ఆ అంకె నా కళ్ళ ముందు పడిపోయింది. తీగ వదులైందనుకున్నాను. విప్పి మళ్ళీ చుట్టాను. అంకె లేచింది. పని అయిపోయిందనుకుని పాపను పంపించేశాను.

ఇదంతా రాయమని నన్నెవరూ అడగలేదు. నాందేడ్‌లో పిల్లల డాక్టరుగా ఉద్యోగం చేసి, విరమించి, ఇప్పుడు పొద్దుపోక కూర్చున్నవాణ్ణి. వార్డుల్లో కొత్తగా చేరిన డాక్టర్లు, నర్సులు అప్పుడప్పుడు వచ్చి, "సార్, మీ రోజుల్లో ఏ సౌకర్యాలూ లేకుండా ఎట్లా నెగ్గుకొచ్చారు?" అని అడుగుతుంటారు. నెగ్గినవి చెప్పడం సులువు. చెబుతూ చెబుతూ మనమే నమ్మేస్తాం కూడా. అందుకని నెగ్గనిది ఒకటి రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. ఆ పాప గుండె జబ్బుతోనే పుట్టింది. గుండె లోపలి గోడకు రంధ్రం, ఊపిరితిత్తులకు రక్తం పోయే దారి ఇరుకు. ఇలాంటి పిల్లల పెదవులు మామూలుగానే కొంచెం నీలంగా ఉంటాయి. ఒక్కోసారి ఉన్నట్టుండి ఆ నీలం ముదిరిపోతుంది. అప్పుడు మోకాళ్ళు పొట్టకు ఆనేటట్టు మడిచి భుజాన వేసుకుంటే తేరుకుంటారు. ఈ పద్ధతి వార్డులో మా సిస్టరు ప్రతి తల్లికీ నేర్పేది. ఆమె మరాఠీ మనిషి. ఇన్నేళ్ళుగా మా వార్డుకు సరిహద్దు నుంచి వచ్చే తెలుగు తల్లులతో మాట్లాడి మాట్లాడి తెలుగు పట్టేసింది. ఎవరైనా తప్పుగా పట్టుకుంటే, "బిడ్డను మూట లెక్క పట్టుకోవద్దు, కప్ప లెక్క పట్టుకో" అనేది. తల్లులు నవ్వేవాళ్ళు, కాని మరిచిపోయేవాళ్ళు కాదు.

పాపకు ఆపరేషన్ హైదరాబాదులో. తాతది పాత ఊరి బజారులో బట్టల దుకాణం. మూడు తరాల కింద నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబం. రైలులో జనం, దగ్గులు, తుమ్ములు ఉంటాయని వాళ్ళ సొంత వ్యానులోనే తీసుకుపొమ్మని నేనే చెప్పాను. ఆ మాట చెప్పిన మర్నాడే తాత పెద్ద అట్టపెట్టె మోయించుకుని వార్డుకు వచ్చాడు. అందులో పసిపిల్లలను కారులో కట్టి కూర్చోబెట్టే ఎర్రటి సీటు ఉంది. గల్ఫ్‌లో ఉన్న మేనల్లుడు పంపాడట.

నాందేడ్‌లో అలాంటి వస్తువును మేమెవరం అంతకుముందు చూడలేదు. ఆయా వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"ఏంది సేటూ గిది? గుర్రం మీద ఏసే జీనా?"

"జీను గాదు, తఖ్తు. గద్దెనెక్కిన నిజాముకు గూడ గిసొంటిది లేకుండె" అన్నాడు తాత. ఆ మాటకు వెనకనున్న కోడలు, అంటే పాప తల్లి, మొదటిసారి నవ్వడం చూశాను.

నా సంగతి వేరు. ఆ సీటు గురించి నేను చదివి ఉన్నాను. బయటి దేశాల వైద్య పత్రిక ఒకటి మా లైబ్రరీకి ఆలస్యంగానైనా వచ్చేది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను, గుండె జబ్బు పిల్లలను ఇలాంటి సీటులో కూర్చోబెడితే మెడ నిలవక తల ముందుకు వాలుతుంది. గడ్డం ఛాతీకి ఆనితే గాలి పోయే దారి నొక్కుకుపోతుంది. అందుకని ఇంటికి పంపే ముందు అదే సీటులో, అదే విధంగా కట్టి, కనీసం గంటన్నర పాటు తీగ పెట్టి చూస్తారు. ప్రయాణం పెద్దదైతే ఇంకా ఎక్కువసేపు. ఇది మా ఆసుపత్రిలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. చదివినట్టు అందరికీ తెలియాలన్న తహతహ కూడా నాదే.

"ఊరికె కూసోవెట్టుడు గాదు సేటూ, దీనికి ఒక పరీక్ష ఉంటది. నేను జేసి పంపిస్త" అన్నాను. నాందేడ్‌లో మొదటిసారి ఈ పరీక్ష చేయబోతున్నది నేనేనన్న సంతోషంలో ఆ రాత్రి భోజనం దగ్గర మా ఆవిడకు కూడా వివరించాను. ఆమె విని, "అయితే పొద్దున్నే లేవాలె మరి" అంది.

లేవలేదు. అలారం నొక్కి మళ్ళీ పడుకున్నాను. గొప్ప కారణం ఏమన్నా ఉంటే రాసేవాణ్ణి.

నేను వార్డుకు చేరేసరికి పాపకు పాలు పట్టి, కొత్త ఎర్రగౌను తొడిగి సిద్ధంగా ఉంచారు. సీటులో కూర్చోబెట్టి పట్టీలు బిగించాం. తీగ చుట్టాం. పాప తనకు మామూలుగా ఉండే అంకె దగ్గర నిలకడగా ఉంది, నిద్రపోయింది. తల్లి మంచం అంచున కూర్చుని పాపనే చూస్తోంది. నాయనమ్మ గుమ్మం దగ్గర సంచులు లెక్క చూసుకుంటోంది. తండ్రి కింద వ్యాను తుడుస్తున్నాడు. తాత మాత్రం గోడ గడియారం వైపూ, నా వైపూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"డాక్టర్ సాబ్, ఇంకెంత సేపు?"

"సగం గూడ కాలేదు సేటూ."

"ఇయ్యాల సోమవారం. ఏడున్నరకు రాహుకాలం సొస్తది." కొంచెం సిగ్గుపడ్డట్టు గొంతు తగ్గించాడు. "నేను గల్లా మీద కూసున్నప్పుడు రాహుకాలం జూడ. జూస్తె గిరాకి పోతది. గని గిది పిల్ల సంగతి. గుండె పనికి పోతున్నం. గా లోపల గడప దాటితె మనసుకు నిమ్మళముంటది."

నేను వేళకు వచ్చి ఉంటే ఈ మాటే వచ్చేది కాదు. పరీక్ష పూర్తయ్యేది, రాహుకాలమూ వచ్చి ఉండేది కాదు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. ఆలస్యం చేసినవాడు ముందు చేసే పని, ఆలస్యమెందుకని ఎవరూ అడగకముందే తొందరపడటం.

అంకె పడిపోయింది అప్పుడే. పెట్టె కూత పెట్టింది. నేను చప్పున వంగి తీగ విప్పి మళ్ళీ చుట్టాను. సరిగ్గా ఆ సమయంలోనే సీటుకు అటువైపు నిలబడ్డ సిస్టరు, పాప మూతి నుంచి కారుతున్న చొంగ తుడవడానికి గడ్డం కింద వేలు పెట్టి తల ఎత్తింది. అంకె మెల్లగా లేచి మునుపటి చోటికి వచ్చింది. నా చెయ్యి చేసిన పని నేను చూశాను. ఆమె చెయ్యి చేసిన పని చూడలేదు. తుడిచిన ఆమె కూడా చొంగే తుడిచాననుకుంది.

"అజూన్ వేళ్ ఆహే, సాహెబ్" అంది సిస్టరు. ఇంకా టైమున్నదని.

"చాలు సిస్టర్. తీగ వదులైంది, గంతే. పాప మంచిగనే ఉంది."

పంపించేశాను. పంపుతూ ఒక హుకుం కూడా జారీ చేశాను. "హైదరాబాదు దాక సీట్లకెల్లి తియ్యకుండ్రి. ఏడ్చినా తియ్యకుండ్రి. నడిచె బండిల ఒళ్ళె పెట్టుకునుడు మంచిది గాదు." అందులో అబద్ధం లేదు. అనుమానం వస్తే బండి ఆపి తీసి చూడండి అన్న మాట మాత్రం లేదు. నా పరీక్షలో నెగ్గిన సీటు మీద ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది?

వ్యాను దగ్గర నాయనమ్మ సీటు మీద శాలువా కప్పింది. పాప తల నుంచి కాళ్ళ దాకా.

"ఎర్రగ మెరుస్తుంది సాబ్. ఆగిన కాడల్ల అందరి కండ్లు దీని మీదనే పడ్తయి. దిష్టి తాకుతది."

నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దావిడను నొప్పించడం ఎందుకని. రాహుకాలానికి ముందే వ్యాను గేటు దాటింది.

నేను ఓపీలో కూర్చుని పదిమంది పిల్లలను చూశానో లేదో, నాయ్‌గావ్ నుంచి ఫోను వచ్చింది. హైదరాబాదు దారిలో వచ్చే ఊరది. అక్కడ చిన్న దవాఖానా నడిపే ఒక వయసు మళ్ళిన డాక్టరు మాట్లాడాడు. పాప ఒళ్ళంతా నీలమై వచ్చిందని, ఆక్సిజన్ పెట్టానని, ఇప్పుడు తేరుకుంటోందని, అయినా మీరు వస్తే బాగుంటుందని చెప్పాడు. ఏం చూసి పంపావని ఆయన అడగలేదు. అడిగితే నాకు కొంచెం తేలికయ్యేది.

ఆసుపత్రి అంబులెన్సులో నేను, సిస్టరు, ఒళ్ళో ఆ పెట్టె. దారిలో నేనే రెండుసార్లు, "ఈ జబ్బు పిల్లలకు ఇట్లా వస్తుంటుంది" అన్నాను. ఆమె కిటికీలోంచి జొన్నచేలు చూస్తూ కూర్చుంది.

పాప బతికే ఉంది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, పెదవులు మళ్ళీ తన మామూలు రంగుకు వచ్చాయి. తీగ పెట్టి చూశాను. నిలకడగా ఉంది. 

అంతలో నాయనమ్మ అందుకుంది.

"మీరె చెప్పుండ్రి డాక్టర్ సాబ్. మీరు తియ్యద్దన్నరా లేదా? నేను గూడ తియ్యద్దన్న. ఇంటదా! బండి ఆపు, బండి ఆపు అని ఒకటె లొల్లి. మంచిగ పండుకున్న పిల్లను సీట్లకెల్లి గుంజి తీసింది. తీసెటాల్లకు పిల్ల నల్లగయ్యి ఉంది. డాక్టర్ మాటకు గూడ ఇలువ లేదా నీకు? ఏమే, నోట్లకెల్లి మాట రాదా?"

కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భర్త నేల చూస్తున్నాడు. శాలువా కింద పాప ఎప్పుడు నీలమైందో ఎవరూ చూడలేదు. తీసినప్పుడే అందరికీ కనిపించింది. కాబట్టి తీయడం వల్లే అయిందని లెక్క తేల్చేశారు. లెక్క తప్పని నాకు తెలుసు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

నేనన్న మాట ఇది: "ఈ జబ్బు పిల్లలకు గిట్లయితనే ఉంటది అమ్మా. ఎవ్వరి తప్పు గాదు."

వినడానికి ఎంత దయగా ఉందో చూడండి. ఎవరి తప్పూ కాదంటే నాది కూడా కాదు. నా తప్పు అందరికీ కనపడకుండా పోయింది, ఆమె మీద వేసిన తప్పు మాత్రం ఆమె మీదే ఉండిపోయింది. నాయనమ్మ నా మాటలో సగమే విన్నది. "మీరు మంచోల్లు కాబట్టి గట్లంటరు సాబ్" అని కోడలు వైపు మళ్ళీ ఒక చూపు చూసింది. ఆ రోజు నేను చేసిన పొరపాట్లలో పొద్దుటిది మొదటిది అయితే, ఇది దానికంటే పెద్దది. పొద్దుట నాకు తెలియదు. ఇప్పుడు తెలిసి చేశాను.

చేతులు కడుక్కుందామని వరండాలోకి వచ్చాను. వెనకనే పాప తల్లి వచ్చింది. పద్దెనిమిదో, పంతొమ్మిదో ఉంటాయి. అప్పటిదాకా నాతో నేరుగా మాట్లాడింది లేదు.

"సార్, ఒక మాట అడుగాల్నా?"

"అడుగమ్మా."

"నేను తీసినందుకే అయ్యిందా?"

నేను తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాను. ఆరిపోయిన చేతుల్ని.

"ఇంట్లో ఏమన్న అననియ్యుండ్రి సార్, పడ్త. నాకు గా బాధ లేదు. గని ఇంక హైదరాబాదు శానా దూరముంది. మల్ల గిట్లయితె తియ్యాల్నా, తియ్యద్దా? నాకు గది చెప్పుండ్రి. మీరు ఎట్ల జెప్తె అట్ల జేస్త."

మీలో ఎవరైనా ఎప్పుడైనా ఇలాంటి ప్రశ్న ఎదుర్కొంటే, అది నింద కాదని గుర్తుంచుకోండి. నిందకు సాకులు దొరుకుతాయి. ఆమె నన్ను నమ్ముతోంది. నేను పొద్దుట చెప్పిన మాటనే మళ్ళీ చెబితే మళ్ళీ వింటుంది. ఈసారి తీయదు.

"నీకెట్ల తెల్సింది? శాలువా కప్పి ఉండె గదా."

"శాలువా కింద చెయ్యి పెట్టిన. ఊకె పెట్టి చూస్తనే ఉన్న. ఊపిరి తగుల్తలేదు. గదువ అచ్చి గుండె మీద ఆనింది. అంగీ అంత చొంగతోని తడిసింది. బండి ఆపుమన్న. ఆపినంక తీసి, సిస్టర్ చెప్పినట్టు కాళ్ళు మడిచి భుజానేసుకున్న."

చొంగ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. తలుపు దగ్గర నిలబడి వింటున్న సిస్టరు నా వైపు చూసింది. ఆమె తన కుడిచేతి వేలు తనే చూసుకుంది. పొద్దుట పాప గడ్డం కింద పెట్టిన వేలు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. తీగ వదులు కాలేదు. గడ్డం ఛాతీకి ఆనింది, అంకె పడింది. సిస్టరు గడ్డం ఎత్తింది, అంకె లేచింది. ఆ పరీక్ష ఎందుకు పెట్టారో ఆ సంగతే నా ముందు జరిగింది. దేని కోసం వెతకాలో చదువుకుని వచ్చి, అది కనిపించినప్పుడు తీగ సరిచేశాను.

సిస్టరు తలుపు దగ్గర నుంచి పక్కకు జరిగింది. 

లోపలికి వెళ్ళాను. తాత బెంచీ మీద, నాయనమ్మ పాప పక్కన, తండ్రి కిటికీ దగ్గర. ఆ దవాఖానా డాక్టరు కూడా ఉన్నాడు. ఆయన ముందు చెప్పాలంటే ఇంకా కష్టమనిపించింది. అయినా ఆయన బయటికి వెళ్ళేదాకా ఆగితే ఇక చెప్పలేనని తెలిసింది.

"నేను ఇందాక తప్పు మాట్లాడిన" అన్నాను. "పొద్దున పరీక్షల పాపకు గిట్లనే అయ్యింది. గదువ ఆనితె అంకె పడ్డది. నేను తీగ వదులైందనుకున్న. ఇంకా టైమున్నదని సిస్టర్ జెప్పింది, నేను ఇనలే. నేనే ఆలస్యంగ అచ్చి, నేనే తొందర పడ్డ. సీట్లకెల్లి తియ్యద్దని జెప్పింది గూడ తప్పే. ఆమె తీసినందుకు పాప నీలం కాలేదు. ఆమె తీసినందుకె మనకు దక్కింది."

 నాయనమ్మ పాప కాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్ది ఉన్నదాన్నే మళ్ళీ సర్దింది.

కేకలు వేస్తారనుకున్నాను. వేస్తే బాగుండుననీ అనుకున్నాను. తాత తలెత్తాడు.

"రాహుకాలం మాట నాది గదా సాబ్. మొత్తం మీరె మోస్తె ఎట్ల? వ్యాపారస్తున్ని, నా వాటా నాకు ఇడిసిపెట్టుండ్రి."

"నీ వాటా ఏం లేదు సేటూ. నువ్వు అడిగినవ్. కాదని జెప్పుడు నా పని."

"అయితె శాలువ కప్పింది ఎవ్వరు మల్ల?" అంది నాయనమ్మ ఎవరినీ చూడకుండా. ఆ మాట అడిగి, లేచి బయటికి వెళ్ళింది. కొంచెంసేపటికి ఎదురు హోటలు నుంచి చాయ్ తెచ్చింది. ఒక్కటే గ్లాసు. మగవాళ్ళను దాటుకుని, నన్ను దాటుకుని, నేరుగా కోడలి దగ్గరికి పోయింది.

"తాగు. పొద్దటి సంది ఏం తినలే. పాలెట్ల పడ్తయి పిల్లకు?"

కోడలు గ్లాసు అందుకుంది. అంతవరకూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నాయనమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, "చల్లగైతది తాగవే" అని గదమాయించింది. ఆ గదమాయింపులో ఎంత ప్రేముందో మా అందరికీ వినపడింది.

ఇక పాపను హైదరాబాదు చేర్చడం ఎట్లా? ఆసుపత్రికున్న ఒక్క అంబులెన్సూ సిస్టరుతో తిరిగి పోవాలి, ఆ సీటులో కుదరదు. పడుకోబెట్టి తీసుకుపోవాలి. తండ్రి నాయ్‌గావ్ బజారుకు వెళ్ళి పొడవాటి వెదురు గంప ఒకటి తెచ్చాడు. కూరగాయలవాళ్ళు వాడేది. అంచులకు ఈనెలు గుచ్చుకోకుండా సిస్టరు చుట్టూ పాత చీర కుట్టింది. అడుగున బొంత మడత పెట్టాం. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, తల ఇటూ అటూ వాలకుండా చుట్టిన గుడ్డలు పెట్టి, తీగ చుట్టి, నేను పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఈసారి ఎవరూ గడియారం చూడలేదు. గంటన్నర దాటింది. ఇంకా కూర్చున్నాను. పాప లేచి, పాలు తాగి, మళ్ళీ నిద్రపోయింది. చాలు సాబ్ అని తాతే అన్నాడు. ఇంకొంచెం అని నేనన్నాను.

వ్యాను వెనక సీటుకు గంపను తాళ్ళతో, బెల్టుతో కదలకుండా బిగించాం. ఆక్సిజన్ సిలిండరు అడ్డంగా కట్టాం. నేను గంప పక్కన కింద కూర్చున్నాను. మా ఆసుపత్రికి ఫోను చేసి సెలవు చెప్పాను. పాప తల్లి సీటు అంచున కూర్చుని దారంతా పాప ముక్కు దగ్గర చెయ్యి పెట్టే ఉంచింది. నేను అంకె చూశాను, ఆమె ఊపిరి చూసింది. రెండూ ఒకే మాట చెబుతున్నంతసేపూ బండి నడిచింది. ఒకసారి తేడా వచ్చింది. అంకె బాగానే ఉంది, ఆమె, "సార్, ఆపుండ్రి" అంది. ఆపించాను. పాప తుమ్మింది. ఆ ఒక్కసారి అందరం నవ్వుకున్నాం.

ఆపరేషన్ బాగా జరిగింది. అది చేసినవాళ్ళ గొప్పతనం, నాది కాదు. తిరుగు ప్రయాణంలో కూడా పాపను గంపలోనే తెచ్చారు. ఆ ఎర్ర సీటును, తల నిలిచే వయసు వచ్చాక, మళ్ళీ పరీక్ష చేయించుకుని వాడుకున్నారు.

మా ఆసుపత్రి డాక్టర్ల సమావేశంలో ఈ సంగతి మొత్తం చెప్పాను. పెద్దాయన ఒకరు తర్వాత నన్ను పక్కకు పిలిచి, "పాప బాగానే ఉంది కదా, నీ అంతట నువ్వు చెప్పుకోవడం ఎందుకు?" అన్నాడు. బాగుంది కాబట్టే చెప్పగలిగాను. లేకపోతే ఎంత ధైర్యం ఉండేదో నాకు తెలియదు. ఈ మాట కూడా దాచకుండా రాస్తున్నాను.

కాని చెప్పుకోవడంతో తప్పు దిద్దుకున్నట్టు కాదు. రాత్రిళ్ళు నన్ను తొలిచిన సంగతి ఇంకొకటి. సీటు ఉన్న పాపకు పరీక్ష పెట్టాను. మా వార్డులో గుండె జబ్బు పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్ళు. కిన్వట్ వైపు అడవి పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు ఇంటికి ఎట్లా పోతున్నారని నేను ఏనాడూ అడగలేదు. మందులు రాసి, చీటీ ఇచ్చి, జాగ్రత్త అని పంపేవాణ్ణి. వాళ్ళు పోయేది జీపుల్లో. ఒడిలో బిడ్డ, బిడ్డ మీద కొంగు, పక్కవాళ్ళ మోచేతులు, గుంతల రోడ్డు. ఎంతమంది పిల్లల గడ్డాలు ఎన్ని దారుల్లో ఛాతీకి ఆనాయో నాకు తెలియదు. తిరిగి రాని పిల్లలు కొందరు ఉన్నారు. దూరం కదా, రాలేకపోయి ఉంటారని అనుకునేవాణ్ణి.

పాత ఇనుప సామాన్ల బజారుకు వెళ్ళి, తుక్కుకు వచ్చిన జీపు వెనక సీటు ఒకటి కొన్నాను. రెక్సిన్ చిరిగి, ఒక పక్క స్ప్రింగు బయటికి వచ్చి ఉంది. బాగు చేయిస్తానంటే సిస్టరు వద్దంది. "బాగ చేస్తే జీపు సీటు ఎట్ల అయితది సాహెబ్?" అని. వార్డు మూల వేయించాం. అప్పటి నుంచి మా దగ్గర గుండె జబ్బు పిల్ల ఎవరు ఇంటికి పోయినా, తల్లి ముందు ఆ సీటు మీద తాను పోయే విధంగానే బిడ్డను పట్టుకుని కూర్చోవాలి. కొంగు కప్పుతానంటే కప్పుకోవాలి. మేం తీగ చుట్టి చూస్తాం. అంకె పడితే చేతులు మార్చి, తల కింద మోచెయ్యి మార్చి, ఏ విధంగా పట్టుకుంటే నిలుస్తుందో వెతుకుతాం. దొరికాక మళ్ళీ మొదటి నుంచి, గంటన్నర. ఏ తల్లినీ ఎన్నడూ మధ్యలో లేపలేదు.

మొదట్లో ఆసుపత్రిలో నవ్వారు. టిక్కెట్ ఎంత సార్ అని అడిగేవాళ్ళు. అలవాటైపోయింది.

ఒకసారి కిన్వట్ అవతల మాండవి నుంచి, ఇస్లాపూర్ మీదుగా వచ్చే జీపులో, ఒక తల్లి వచ్చింది. రెండు నెలల మగబిడ్డ. నల్లగా, గట్టిగా ఉండే మనిషి, నవ్వే కళ్ళు ఆమెవి. సీటు మీద కూర్చోమంటే కూర్చుని, పక్కన ఖాళీ చూసి నవ్వింది.

"గిట్ల ఎవ్వరు కూసోవెడ్తరు సార్? మా జీపుల ఈ సీట్ల నలుగురం కూసుంటం. ఒక్కదాన్నే పోవుడంటె నేనేమన్న కలెక్టర్‌నా?"

ఆమె చెప్పింది నిజమే. నేను ఆయాను పిలిచాను. సిస్టరును పిలిచాను. ఆయా ఒక పక్క, సిస్టరు ఇంకో పక్క, చివర స్ప్రింగు మీద నేను. ఆమె మధ్యలో, ఒళ్ళో బిడ్డ. పెట్టె నా మోకాళ్ళ మీద. ఆయా మోచెయ్యి తగలగానే తల్లి భుజం ముందుకు వంగింది, బిడ్డ తల వాలింది, అంకె జారింది. ఒంటరిగా కూర్చుని ఉంటే ఇది మాకు ఎప్పటికీ తెలిసేది కాదు. బిడ్డను ఎడమ చేతికి మార్పించాం. పనికిరాలేదు. మోకాలి మీద అడ్డంగా, తల కిటికీ వైపు పెట్టించాం. అంకె లేచి నిలిచింది. ఇక అట్లాగే కదలకుండా కూర్చున్నాం. బిడ్డ నిద్రపోయాడు. కాసేపటికి ఆయా కూడా కునికింది.

అప్పుడే మా ఆసుపత్రి పెద్ద డాక్టరు తలుపు తీసుకుని వచ్చాడు. చిరిగిన జీపు సీటు మీద వరసగా ఇరుక్కుని కూర్చున్న మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏమిటిది? ఓపీలో జనం ఉన్నారు. మీరంతా ఇక్కడేం చేస్తున్నారు?"

నేను నోరు తెరిచేలోపే సిస్టరు పెదవుల మీద వేలు పెట్టి, బిడ్డ లేవకుండా మెల్లగా చెప్పింది.

"మాండవికి పోతున్నం సాహెబ్. ఇంకా ఇస్లాపూర్ గూడ రాలేదు."

ఆయన నా వైపు చూశాడు. నేను దిగలేదు.